యమామా వెండి

రియాద్ నగరమునుండి ఆగ్నేయదిశగా ఇంచుమించు 80 కిలోమీటర్లు పోయిన పిమ్మట, ఎడారి నడుమ పచ్చని పొలములును, పాడిపశువుల దొడ్లును, ఖర్జూరపు తోటలును కానవచ్చు అల్ ఖర్జ్ ప్రాంతమున, మన తెలుగువారును బ్రతుకుతెరువునకై వచ్చి యున్నారు. ఒకప్పుడు లోతైన సహజగుండములందలి ఊటనీటితో పండిన ఈ నేల, ప్రాచీన అరబ్బీ గ్రంథములలో యమామా అని పేర్కొనబడిన విశాలదేశములోని భాగము. అదే పేరు గల పట్టణపు శిథిలములును ఇచటనే యున్నవి. 2011 మొదలుగా సౌదీ, ఫ్రెంచి పురాతత్త్వజ్ఞులు కలిసి ఈ ఒయాసిస్సున జరిపిన పరిశోధనలో, ఇసుక క్రింద కప్పబడిపోయిన ఒక ప్రాచీన మసీదు ఆ శిథిలముల నడుమ వెలుగుచూచినది.

అయితే ఆ గోడలకంటె నన్ను ఆకర్షించునది ఒక చిన్న వెండిబిళ్ల. అబ్బాసీ ఖలీఫాయైన అల్ మహదీ ఏలిన కాలమున, అనగా 775 మొదలు 785 వరకు గల దశాబ్దిలో, యమామా పేరు చెక్కిన దిర్హములు వెలువడినవి. మూడు గ్రాములైనను పూర్తిగా తూగని ఆ పలుచని నాణెము మీద రాజుబొమ్మ లేదు, దేవతాప్రతిమ లేదు; ఉన్నదంతయు అక్షరమే. నడుమ మతవాక్యము, దాని చుట్టును అంచువెంబడి చిన్న కూఫీ అక్షరములలో ఈ దిర్హము ఫలానా యూర, ఫలానా యేట ముద్రింపబడినదను వాక్యము. ఊరిపేరు ఆ అంచునందే యుండును. చేతులు మారునపుడు మొదట అరుగునది ఆ అంచే. తోమువాని వ్రేలిక్రింద మొదట నలుగునదియు ఆ అంచే. పండ్రెండువందల ఏండ్లు దాటి నిలిచిన ఊరిపేరును ఒక్క పూట తోముడు తుడిచివేయగలదనిన, ఈ వ్యాసము వ్రాయుటకు నాకు కలిగిన తొందర చదువరులకు బోధపడగలదు.

తరువాతి శతాబ్దములందు ఈ ప్రాంతమునకు సొంత టంకశాల లేకపోయెను. పరదేశపు వెండియే ఇచట చెల్లుబాటయ్యెను. 1780 అను సంవత్సరమునే మరల మరల వేసికొని ముద్రింపబడిన ఆస్ట్రియా రాణి మరియా తెరీసా థాలరు, 28 గ్రాముల బరువుతో, ఫ్రాన్సీ రియాలను పేర అరబ్బుల సంతలన్నిటను తిరిగెను. రాణి శిరోభూషణమందలి ముత్యములును, భుజమునందలి పతకమును స్పష్టముగా కానవచ్చినగాని వర్తకులు దానిని పుచ్చుకొనెడివారు కారు. అరిగిన బొమ్మకు విలువ తరిగెడిది. నాణెపు ఉపరితలమే దాని ప్రమాణపత్రమను ఎరుక నేటి సేకర్తలకంటె ముందే ఆ సంతవారికి కలదు. తూర్పుతీరమునుండి మన రూపాయలును అట్లే వచ్చి, బెదూయిన్ స్త్రీల హారములలో, మన లంబాడీ స్త్రీల రూపాయల పేర్లలోవలె, కొక్కెములు అతుకబడి వ్రేలాడెను. ఆ అతుకును నేడు ఊడదీసి నాణెమును మొదటి రూపునకు తేవలెనను ఆత్రము కొందరికి కలదు. అది తగదు, ఆ అతుకు ఒక స్త్రీ కంఠమున ఆ నాణెము గడపిన జీవితమునకు సాక్ష్యము.

1928లో సౌదీ వంశీయుడైన అబ్దుల్ అజీజ్ రాజు ముద్రింపించిన వెండి రియాలు 24 గ్రాములు తూగెడిది. 1935లో, అనగా హిజ్రీ 1354లో, దాని బరువును సగమునకు తగ్గించి 11.6 గ్రాములుగ నిర్ణయించిరి. వెండిపాలు నూటికి దాదాపు 92. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. అనగా మన పాత తులము. సౌదీ రియాలు మన తులపు రూపాయికి తోబుట్టువుగా పుట్టినదన్న మాట! నేటికిని తులమను మాట నోట పలుకుచు ఇచట కూలికి పోవు మనవారిలో ఎందరికి ఈ చుట్టరికము తెలియును?

కాగితమును జనులు నమ్మని ఆ దినములలో జీతములన్నియు ఈ బిళ్లలతోనే చెల్లవలసి యుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల సౌదీకి రియాళ్లు కొట్టి పంపెను. వానిలో 30 లక్షల బిళ్లలను మోసికొని వచ్చుచున్న జాన్ బ్యారీ అను నావను 1944 ఆగస్టు 28న ఒమాన్ తీరమునకు దూరముగా ఒక జర్మను జలాంతర్గామి ముంచివేసెను. 2,600 మీటర్ల లోతున అర్ధశతాబ్దము పడియుండిన పిమ్మట, 1994లో సుమారు 13 లక్షల నాణెములు పైకి తీయబడెను. 1953లో హజ్ యాత్రికుల రసీదుల రూపమున కాగితపు డబ్బు వెలువడిన తరువాతగాని వెండి పెత్తనము సడలలేదు.

ఇక శుభ్రపరచుట సంగతి. వరలక్ష్మీవ్రతమునాడు పూజాపేటికనుండి రాణీరూపాయి తీసి, చింతపండుతో తోమి, విభూతితో మెరుగుపెట్టుట మన ఇండ్లలో తరతరముల ఆచారము. అది పూజాద్రవ్యమునకు శోభయే. చరిత్రద్రవ్యమునకు మాత్రము క్షయము. వెండిమీది నలుపు పైనుండి వచ్చి అంటుకొన్న మకిలి కాదు. గాలిలోని గంధకముతో కూడి మారిపోయిన వెండియే అది. దానిని రుద్దినపుడు పోవునది నాణెపు శరీరమే. పులుసు రాగిని కరగించును, విభూతి సన్నని గీతలు గీయును. బజారులో దొరకు ముంచుడు ద్రావకము నలుపుతోబాటు పైపొరను గూడ హరించి, టంకశాల అచ్చునుండి వచ్చిన సహజకాంతిని చంపివేయును. అల్యూమినియము రేకుమీద చాకలిసోడానీటిలో ఉంచు పద్ధతి నలుపును తిరిగి వెండిగా మార్చునుగాని, ఉపరితలమును కాంతిహీనముగ వదలును. పూజకు వలసినవి వేరు, దాచదగినవి వేరు అని ముందే రెండు పెట్టెలు చేసికొనుట మేలు.

అల్ ఖర్జ్ పొడిగాలి స్వభావముచేత వెండికి మిత్రమే. కాని క్రుళ్లిన పేడగుంటలనుండి వెలువడు గంధకవాయువు దొడ్ల సమీపమున వెండిని త్వరగా నల్లబరచును. నీటిని చిమ్ము కూలరు గదిలో తేమను నింపును. కనుక నాణెమును గట్టిమూతగల పెట్టెలో, సిలికా పొట్లముతో ఉంచవలెను. మెత్తని పీవీసీ సంచులు కాలక్రమమున ఆమ్లమును వదలి, పచ్చని జిగురు పుట్టించును. రబ్బరుపట్టీలో గంధకము కలదు. మైలార్ కవరు నిరపాయము. జిడ్డు అంటినచో అసిటోనులో, మట్టి పట్టినచో స్వేదజలమున నానబెట్టి, మెత్తని గుడ్డపై అద్దవలెనేగాని రుద్దరాదు. రాగి హెచ్చుగా కలసిన మన నిజాము హాలీ సిక్కా రూపాయి, వెండి నూటికి 82 పాళ్లకు మించనందున, పచ్చని కిలుము పట్టుటకు ఎక్కువ లోనగును. దానికి తేమ తగులుటను ముందుగా మాన్పవలెను. ఉప్పునేలలో పూడియుండిన దిర్హమునకు బూడిదరంగు పొర కట్టును. వెండి క్లోరైడుగా మారగా ఏర్పడు ఆ పొరలోనే ఒక్కొక్కప్పుడు అక్షరముల ఆకృతి నిలిచియుండును. వయసుచేత పెళుసుబారిన అట్టి బిళ్లను శిక్షణపొందిన సంరక్షకుని చేతికి ఇచ్చుటయే ఉచితము.

అంచులను మాత్రమే వ్రేళ్లతో పట్టి, దీపము ప్రక్కగా వంచి, భూతద్దము క్రింద అట్టి దిర్హమొకదానిని చూచినపుడు, మిట్టలు కొంచెము తెల్లగను, పల్లములు నల్లగను ఉండుటచేత కూఫీగీతలు ఒకటొకటిగా లేచి నిలుచును. నాణెమును మెల్లమెల్లగా త్రిప్పుచు అంచువెంబడి చదువుకొని పోగా, ఆ నలుపు నడుమ యమామా అను చిన్న ముడులు కంటికి తగులును.