మొదటి హెన్రీ (సుమారు 876–936)

తూర్పు ఫ్రాంకుల రాజ్యాన్ని 919 నుంచి 936 వరకు ఏలిన మొదటి హెన్రీ, జర్మనీలో సాక్సన్ రాజవంశానికి ఆద్యుడు. 912లో తండ్రి మరణంతో సాక్సనీ డ్యూక్ అయ్యాడు. రాజు మొదటి కోన్రాడ్‌తో ఆయనకు విరోధం నడిచింది. అయినా మరణశయ్య మీద ఆ కోన్రాడే హెన్రీని వారసుడిగా సూచించాడని సాక్సన్ చరిత్రకారుడు విదుకిండ్ రాశాడు. 919 మేలో ఫ్రిట్స్‌లార్‌లో ఫ్రాంకులు, సాక్సన్లు ఆయన్ను రాజుగా ఎన్నుకున్నారు. మైంజ్ ఆర్చిబిషప్ చేయబోయిన అభిషేకాన్ని హెన్రీ వద్దన్నాడు. స్వాబియా, బవేరియా డ్యూకులను లొంగదీసుకున్నా, వారి అధికారాలను చాలావరకు వారికే వదిలాడు. 925లో లోథారింజియాను కలుపుకున్నాడు.

ఆయన అసలు ఘనత దండెత్తివచ్చే మజర్లను (హంగేరియన్లను) ఎదుర్కోవడంలో ఉంది. చేజిక్కిన ఒక మజర్ నాయకుణ్ణి విడిచిపెట్టి, ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకుని, 926 ప్రాంతంలో తొమ్మిదేళ్ల సంధి కుదుర్చుకున్నాడు. పైకి అవమానంగా కనిపించినా అది గొప్ప ముందుచూపు. దొరికిన వ్యవధిలో కోటలు కట్టించాడు, ఆశ్వికదళాన్ని తీర్చిదిద్దాడు, స్లావులపై దండెత్తి బ్రాండెన్‌బర్గ్‌ను పట్టుకున్నాడు. ఆ తర్వాతే కప్పం ఆపేశాడు. దాంతో దండెత్తివచ్చిన మజర్లను 933 మార్చిలో రియాడే వద్ద తరిమికొట్టాడు.

రాజ్యాన్ని కొడుకులందరికీ పంచే ఫ్రాంకుల ఆచారాన్ని పక్కనపెట్టి, తన కొడుకు ఒట్టో ఒక్కడినే వారసుడిగా నిర్ణయించాడు. 936 జూలై 2న మెమ్లేబెన్‌లో మరణించాడు. సమాధి క్వెడ్లిన్‌బర్గ్‌లో ఉంది. ఒట్టో 962లో రోమ్‌లో చక్రవర్తిగా పట్టాభిషిక్తుడయ్యాడు.