ఆడుమళయాళము నుండి లవణరాజు కల వఱకు

లేని లోకముల కథలు చదివి పిల్లలు పాడగుచున్నారని తల్లిదండ్రులు మాతో మొఱపెట్టుకొనుట కద్దు. మంత్రదండములు, మాటలాడు మృగములు, ఏ పటములోను కానరాని రాజ్యములు గల లావుపాటి నవలలు ఇప్పుడు గజపతినగరము వంటి చిన్న యూళ్లకును వచ్చి చేరుచున్నవి. "దీనివల్ల ఏటొస్తాది మాస్టారూ? పరీక్షల్లో రెండు మార్కులైనా రావు కదా!" అని యొక తండ్రి మమ్ము నిలదీసెను. అప్పటికి తగిన యుత్తరము చెప్పలేకపోతిమి. ఇల్లు చేరిన పిమ్మట తోచినది. మన దేశమున సంఘసంస్కరణమునకు నడుము గట్టిన పెద్దలే, ఉన్న లోకమును మనకు చూపుటకై లేని లోకములను కల్పించుకొనవలసి వచ్చినది. ఆ చరిత్రము మా సీమకు దవ్వైనది కాదు.

మొదట ఉన్న లోకము సంగతి చెప్పవలెను. ఆ కాలమున ఈ ప్రాంతమెల్ల విశాఖపట్టణము జిల్లాలోనిది. 1897లో కన్యాశుల్కమును మొదటిసారి అచ్చువేయించినప్పుడు గురజాడ అప్పారావుగారు ఇంగ్లీషున నొక పీఠిక వ్రాసిరి. ఈ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములయందు మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టిక యొకటి, విజయనగర ప్రభువులగు ఆనంద గజపతిగారి పూనికచే తయారైన సంగతి అందు గలదు. లెక్కకు వచ్చినవి 1,034; సగటున ఏడాదికి 344. పెండ్లికూతుండ్రలో అయిదేండ్ల వయసువారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆర్గురు, ఏడాది వయసువారు ముగ్గురు. ఆ ముగ్గురు పసికందుల వెల తలకు 350 మొదలు 400 రూపాయల వఱకు. కడుపులోని శిశువునకు సైతము బేరము కుదుర్చుకొనుట కలదని అప్పారావుగారే వ్రాసినారు.

ఈ లెక్క చదివిన మనకు నేడు ఒడలు జలదరించును. కాని ఆ నాటివారికి ఇందు క్రొత్త యేమి? తాతలు, పురోహితులు, ఇరుగుపొరుగువారు, అందఱును ఆ పెండ్లిండ్లకు పోయి పప్పన్నము తిని వచ్చినవారే. తెలియనివానికి లెక్క చెప్పి తెలుపవచ్చును. తెలిసియు, అందు వింత లేదనుకొనువానికి లెక్క యేమి చేయును? పొట్టి ద్వారబంధము గల యింటివాడు పుట్టినది మొదలు వంగి నడచుటకు అలవాటుపడి, ద్వారము పొట్టిదను మాటయే మఱచును. వచ్చిన చుట్టము నెత్తి కొట్టుకొని "అబ్బా" యన్నప్పుడు గాని అది జ్ఞప్తికి రాదు. ఇంటివానినే ఒక పూటపాటు చుట్టముగా చేయు ఉపాయము కావలెను.

ఆ యుపాయమును మన భాషలో నవలకు తెచ్చినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆయన నేరుగా చెప్పుటకు జంకినవారు కారు. 1874లో వివేకవర్ధని స్థాపించినది మొదలు పేరుపేరున దురాచారములను ఎండగట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించి, బంధువుల వెలికిని ఊరివారి తిట్లకును ఓర్చిరి. ఉపన్యాసములు, ప్రహసనములు, కరపత్రములు, అన్నియు అయినవి. అంత చేసినవారు 1890 తరువాతి తొలి సంవత్సరములలో 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' అను పేర, ఎన్నడును లేని దేశమునకు పోయివచ్చిన యొకని కథ వ్రాయుటకు కూర్చుండిరనిన, నేరుగా చెప్పిన మాట ఎంతవఱకు పోవునో, ఎచ్చట ఆగిపోవునో ఆయనకు బాగుగ తెలిసినదని మే మూహింతుము.

మాతృక యేదో చదువరులు కనిపెట్టకపోరు. 1726లో స్విఫ్టు వ్రాసిన గలివరు యాత్రలు. వీరేశలింగముగారికి ఇట్టి యెరవు క్రొత్తది కాదు. అంతకు పూర్వము రాజశేఖరచరిత్రమును గోల్డుస్మిత్తు నవల ఛాయలలో వ్రాసియున్నారు. అయినను ఎరువు తెచ్చిన దూరమునుబట్టి పంటకు ఊరు పేరు మాఱదు. సత్యరాజు పోయిన మొదటి దేశము ఆడుమళయాళము. ఆ పేరు తెలుగు ముత్తవ్వల నోట మాయలకు, మంత్రములకు నిలయముగా నానియున్నదే. స్త్రీలే యేలు రాజ్యము మన కావ్యములకును తెలియనిది కాదు. జైమిని భారత కథలో అర్జునుడు ప్రమీల రాజ్యమునకు పోయెను. పోయి యేమి చేసెను? ఆమెను పెండ్లాడెను. అంతటితో ఆ రాజ్యముపై కవులకు ఆసక్తి తీరినది. అచ్చటి మగవారి బ్రతుకు ఎట్లుండునని పూర్వకవి అడుగలేదు. వీరేశలింగముగారు అడిగినది అదియే.

ఆ దేశమున ఏలుబడి స్త్రీలది, చదువు స్త్రీలది, వీధి స్త్రీలది. పురుషునకు ఇల్లు, అణకువ, చాటు. భార్యయే దైవమని అతనికి బోధ. ఇచ్చట స్త్రీధర్మములని మనము వల్లించునవి యెల్ల అచ్చట పురుషధర్మములై కూర్చున్నవి. కల్పించినది ఇంతయే యనవచ్చును: ఒక్క లింగభేదమును త్రిప్పివేయుట. తక్కిన దంతయు మన యింటిలోనిదే. ఆచారమునకు శాస్త్రము చూపు తీరు, బలవంతుడు తన సుఖమును ఎదుటివాని పుణ్యమని చెప్పు తీరు, ఏదియు మాఱలేదు. మాఱినది అనుభవించువాడు మాత్రమే. అందుచే పురుషపాఠకుడు మొదట నవ్వును. ఆ నవ్వు సగములో, తాను నవ్వుచున్నది తన యింటి వాడుకకే యని తోచినప్పుడు, కొంచెము గొంతున పడును.

రెండవ యాత్ర లంకాద్వీపమునకు. అచ్చటివారు మహాకాయులు, వారి నడుమ సత్యరాజు పురుగువంటివాడు. ఇది మాకు అంతగా రుచింపలేదు. స్విఫ్టు చేతిలో మానవుని దేహము చిన్నదగుటతో అతని గర్వమును చిన్నదైనది. ఇచ్చట ఉపన్యాసకుడు కథకుని భుజముపై నెక్కి కూర్చున్నట్లు తోచును. గురువర్యుల గ్రంథమును గూర్చి ఇట్లనుట అవినయమందురేమో. ఆయనయే మనకు నేర్పినది, పెద్దలు చెప్పిరని ఒప్పుకొనవద్దని గదా!

ఒకనాడు తొమ్మిదవ తరగతిలో, పాఠము ముగిసి గంట కొట్టుటకు పది నిమిషములు మిగిలినప్పుడు, ఈ ఆడుమళయాళము సంగతి చెప్పితిమి. మగపిల్లలు బల్లలు చఱచి నవ్విరి. ఆడపిల్లల వరుసలో నవ్వు అంతగా లేదు. చివరి బల్ల నుండి ఒక బాలిక లేచి, "మాస్టారూ, ఆ దేశంలో మగపిల్లలికి బడుంటాదా?" అని యడిగెను. నూరేండ్లకు పైబడిన పుస్తకమును గూర్చి అంతకంటె మంచి ప్రశ్నను మేము విమర్శకుల నోటను వినలేదు. ఆ బాలిక మాట మఱల వచ్చును.

వీరేశలింగముగారి పిమ్మట, 1905లో, మదరాసునుండి వెలువడుచుండిన ఇండియన్ లేడీస్ మ్యాగజైను అను పత్రికలో ఇంగ్లీషు కథ యొకటి వచ్చినది. పేరు 'సుల్తానా కల'. వ్రాసినవారు వంగదేశపు ముస్లిము వనిత, రుకియా సఖావత్ హుస్సేనుగారు. ఆ పత్రికను నడపినవారు ఆంధ్రదేశమున జన్మించిన కమలా సత్యనాథన్‌గారు. అందును తలక్రిందైన దేశమే. పురుషులు లోపల, స్త్రీలు వెలుపల. కాని రెంటికిని ఎంత యంతరము! వీరేశలింగముగారి స్త్రీలు అధికారము చేతికి రాగానే అచ్చముగా మన పురుషుల వలెనే ప్రవర్తింతురు. ఆయన చూపదలచినది పీడకుని ముఖము. రుకియాగారి స్త్రీలు విద్యాలయములు కట్టి, సూర్యరశ్మిని పట్టి వంట చేసికొని, మేఘములనుండి నీరు గ్రహించి, యుద్ధము లేకుండ బ్రతుకుదురు. సంస్కర్తయైన పురుషుడు కల్పించిన లోకమున స్త్రీకి పురుషుని స్థానము దొరికినది. స్త్రీ కల్పించుకొన్న లోకమున ఆమెకు పని దొరికినది. దయతో వ్రాసిన దానికిని, ఆశతో వ్రాసిన దానికిని గల భేదమిది. ఈ సంగతి తోచిన తరువాత, ఆడుమళయాళమును మునుపటి యంత నిండుమనసుతో మేము మెచ్చుకొనలేకున్నాము.

ఇక మా విజయనగరమునకు వత్తము. కన్యాశుల్కమున అప్పారావుగారు లేని లోకము జోలికి పోలేదు. ఉన్న యింటినే, ఉన్న మాటతోనే రంగమునకెక్కించిరి. 1892లో ఆ నాటకము విజయనగరమున ఆడబడినది. (ఆ మాటను నిలబెట్టిన సీమలో కూర్చుండి మేము ఇంకను ఈ గ్రాంథికము వ్రాయుచుంటిమి. చిన్ననాటి సంస్కృతపు పంతులుగారి బెత్తము అట్టిది; వదలదు.) అట్టి వాస్తవప్రియులు 1911లో 'లవణరాజు కల' వ్రాసిరి. అది నవల కాదు, పద్యకథ. అయినను మన విషయమునకు దానికంటె దగ్గఱిది లేదు.

మూలము యోగవాసిష్ఠము. లవణుడను రాజు కొలువుతీరియుండగా ఐంద్రజాలికు డొకడు వచ్చి నెమలిపింఛమును త్రిప్పును. రాజు కొయ్యబాఱిపోవును. ఆ కలలో అతని నొక గుఱ్ఱము అడవికి ఈడ్చుకొనిపోవును. ఆకటితో సొమ్మసిల్లువేళ చండాలకన్య యొకతె అన్నము తీసికొని పోవుచు కనబడును. నన్ను పెండ్లాడిన పెట్టెద ననును. అతడు పెండ్లాడి, ఆ పల్లెలో బిడ్డలను కని, ఏండ్లకు ఏండ్లు కాపురము చేసి, కఱవు వచ్చి బిడ్డల యాకలి చూడలేక అగ్నిలో దూకబోవును. కన్ను తెఱచిచూడగా అదే సింహాసనము, అదే కొలువు. గడచినది కొంతసేపు మాత్రమే. వసిష్ఠుడు రామునికి ఈ కథ చెప్పినది మనస్సు యొక్క మాయ ఎంతటిదో తెలుపుటకు. అందు రాజు చండాలు డగుట పీడకలలోని పీడ. అంతకంటె ఆ పల్లెను గూర్చి వేదాంతికి పనిలేదు.

అప్పారావుగారు ఆ కథనే తీసికొని బరువును వేఱొక చోటికి జరిపిరి. ఆయనకు మాయ విషయము కాదు, ఆ కన్య విషయము. ఆమె చేతి యన్నము విషయము. రాజునకు మాలపిల్లకు నడుమ నిలిచిన గోడ ఏ పదార్థముతో కట్టబడినదని ఆయన ప్రశ్న. మనుష్యులలో మంచియు చెడ్డయునే గాని వేఱు కులములు లేవను భావము ఆ కథలో పుట్టినదే. 1911లో ఏ సంస్థానమునను, ఏ రాజును మాలపల్లెలో భోజనమునకు కూర్చుండబెట్టు శాసనము లేదు. అస్పృశ్యత నిషేధమను మాట మన రాజ్యాంగమునకు ఎక్కినది 1950లో. శాసనము చేయజాలని పనిని కల చేసినది. రాజు కూర్చున్నాడు, తిన్నాడు, ప్రేమించినాడు. మూలకథలో మఱొక విచిత్రము కలదు. మఱునాడు రాజు కుతూహలముచే ఆ యడవికి పోగా, కలలో చూచిన పల్లెయే నిజముగ ఎదురైనది. ఏడ్చుచున్న అత్తగారును కనబడినది. వేదాంతులు దీనిని ఏమని వ్యాఖ్యానించినను సరే, మేము మాత్రము ఆ ఘట్టము చదివిన ప్రతిసారి ఒక్కటే యనుకొందుము: పల్లె ఎప్పుడును అచ్చటనే యున్నది, రాజునకు దారి తెలిసినది కల వలన.

తలక్రిందు చేయుట కవుల సొత్తే కాదు, కాలమును చేయును. కన్యకు వెలగట్టిన దేశముననే వరునకు వెలగట్టు ఆచారము బలిసి, 1961లో దానిని నిషేధించు చట్టము అవసరమైనది. మార్పంతయు సొమ్ము పోవు దిక్కునందే. వీరేశలింగముగారు ఇది చూచియుండిన సత్యరాజును మూడవ యాత్రకు పంపియుందురు; అతడు ఎక్కడికిని కదలకయే ఆ గ్రంథము ముగిసియుండును.

ఆ బాలిక సంగతి చెప్పెదమంటిమి. ఆ యేడు సంక్రాంతి సెలవుల తరువాత ఆమె బడికి రాలేదు. పెండ్లి నిశ్చయమైనదని తోడిపిల్లలు చెప్పిరి. చంపావతి యేటికి దగ్గఱనున్న వారి యూరికి పోయితిమి. తండ్రి మంచివాడు, మంచము వాల్చి, మంచినీళ్లు తెప్పించెను. పదునెనిమిది యేండ్లు నిండకుండ పెండ్లి చేయరాదన్న 2006 నాటి చట్టము సంగతి చెప్పితిమి. "తెలుసండి" అనెను. చదువు సంగతి చెప్పితిమి. "నిజమేనండి" అనెను. పట్టికలోని లెక్కల గతియే మా మాటకును పట్టినది. అప్పుడు అరుగుమీద సెల్లుఫోను చూచుకొనుచున్న పెద్దకుమారుని చూపి, "వీనికి పదహారేండ్లు గదా. సంబంధము చూచి, చదువు మానిపించి, వచ్చే నెలలో అత్తవారింటికి పంపివేయుదురా?" అంటిమి.

ఆయన పెద్దగా నవ్వెను. "అదేటి మాస్టారూ! మగగుంటణ్ణి అత్తోరింటికి ఎవులైనా పంపుతారా?" అనెను. ఆ కుఱ్ఱవాడును నవ్వెను. లోపల తల్లి మాత్రము నవ్వలేదు. గుమ్మము దగ్గఱకు వచ్చి నిలిచినది. ఆ నవ్వు మా తరగతిలో విన్నదే. ఆడుమళయాళపు పొలిమేరలో మొదటినుండి వినవచ్చినదియు అదియే. నవ్వు ముగిసిన తరువాత ఆయన కొంతసేపు మాటలాడలేదు. చుట్ట తీసి, వెలిగింపక చేతిలోనే పట్టుకొని కూర్చుండెను.

పదవ తరగతి పరీక్షలు ముగియువఱకు ఆగెదమని చివరకు ఒప్పుకొనెను. అంతకు మించి ఆనాడు సాధింపలేకపోతిమి. సోమవారమున ఆ బాలిక బడికి వచ్చినది. సత్యరాజు పుస్తకము కావలెనని అడిగి తీసికొనిపోయినది; ఇంకను తిరిగి యీయలేదు.