పుట్టకురుపు

మా అమ్మమ్మ కేన్సరు అనేది కాదు, పుట్టకురుపు అనేది. పుట్టలా పెరిగే కురుపు అన్నమాట. ఆ పోలిక ఎక్కడిదో నేను చాలాకాలం ఆలోచించలేదు. సుశ్రుత సంహితలో ‘వల్మీకం’ అనే వ్యాధి ఉంది. వల్మీకమంటే పుట్టే. అరికాలిలోనో అరచేతిలోనో మెల్లగా పుట్టలా లేచి, చిల్లులు పడి, రసి కారుతుందని వర్ణన. చదువుతూంటే నాకు కేన్సరు కంటె ‘మదురా ఫుట్’ అనే జబ్బే గుర్తొచ్చింది.

1842లో మదురైలో పనిచేస్తున్న గిల్ అనే వైద్యుడు ఈ కాలి జబ్బు గురించి రాశాడు. అప్పట్లో మదురై, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఊరి పేరే జబ్బుకి స్థిరపడింది. తరవాత బొంబాయిలో హెన్రీ వాండైక్ కార్టర్ ఆ చిల్లుల్లోంచి వచ్చే గింజలని సూక్ష్మదర్శినిలో చూశాడు. ‘గ్రేస్ అనాటమీ’కి బొమ్మలు గీసినాయన ఈయనే. ఇది శిలీంధ్రం, అంటే బూజు జాతి, పని అని 1860లో ప్రకటించి ‘మైసెటోమా’ అన్నాడు. శిలీంధ్రపు కంతి అని అర్థం.

తీరా చూస్తే ఇది కంతీ కాదు, అన్నిసార్లూ శిలీంధ్రమూ కాదు. 1894లో విన్సెంట్ అనే ఫ్రెంచి వైద్యుడు ఇలాంటి పుండులో దొరికిన ఒక జీవికి మదురై పేరే పెట్టాడు. కొమ్మలు కొమ్మలుగా సాగుతుంది కనక చూడ్డానికి బూజులా ఉంటుంది కాని, అది బాక్టీరియా. ఇప్పటి పేరు ఆక్టినోమదురా మదురే.

ఈ తేడా పండితుల తగువు కాదు, కాలు నిలుస్తుందా లేదా అన్న సంగతి. బాక్టీరియా అయితే నెలల తరబడి యాంటిబయాటిక్కులు వాడితే చాలామందికి నయమవుతుంది. శిలీంధ్రమైతే మందులతోపాటు తరచు కత్తీ కావాలి. ఒక్కోసారి కాలే తీసెయ్యాలి. గింజలు నల్లగా ఉంటే శిలీంధ్రం, ఎర్రగా ఉంటే బాక్టీరియా. తెల్లనివి ఏదైనా కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నిర్లక్షిత ఉష్ణమండల వ్యాధుల జాబితాలో దీన్ని చేర్చింది 2016లో మాత్రమే.

ముల్లు గుచ్చుకున్న చోట దూరిన ఈ జీవి చాలాసార్లు నొప్పి తెలియకుండా ఏళ్ళ తరబడి పెరుగుతుంది. చిల్లులు పడేదాకా గట్టి గడ్డలా మాత్రమే కనిపిస్తుంది. అమెరికాలో అరుదు కనక ఇక్కడి డాక్టరు ముందుగా సార్కోమాని అనుమానిస్తే తప్పుపట్టలేం. ఆ అనుమానం తీర్చుకోవలసిందే. అయితే బయాప్సీకి తీసిన ముక్కలో కొంత కల్చరుకి కూడా పంపితే రెండు సందేహాలూ తీరతాయి.

అలా పంపాలని తోచాలంటే డాక్టరుకి మన సంగతి తెలియాలి. ‘హిస్టరీ చెప్పండి’ అంటే మనం బీపీ, షుగరు చెప్పి ఊరుకుంటాం. చెప్పుల్లేకుండా పొలంగట్ల మీద తిరిగిన రోజులూ, ఎప్పుడో గుచ్చుకున్న తుమ్మముల్లూ కూడా మన హిస్టరీయే. అవీ చెప్పాలి.