తాళం మార్చుకునే చిప్

టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన నాకు, ఇంజనీరింగ్ చదివే మనవడి పుస్తకాల వల్ల వైర్‌లెస్ సెన్సార్ల మీద ఆసక్తి కలిగింది. వాటి చరిత్ర మన సంచికకు క్లుప్తంగా రాస్తున్నాను.

2002లో అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరాన, గ్రేట్ డక్ ద్వీపంలో బర్కిలీ పరిశోధకులు 32 చిన్న పరికరాలు అమర్చారు. బొరియల్లో గూడు కట్టే సముద్రపక్షుల దగ్గర ఉష్ణోగ్రత, తేమ వంటివి కొలిచి రేడియో ద్వారా పంపడం వాటి పని. ఒక్కొక్కదానికి ఆధారం రెండు పెన్సిల్ సెల్స్. మనం పింఛనుతో నెల గడుపుకున్నట్లే, అవీ ఉన్నదాంతోనే నెలల తరబడి గడపాలి. అందుకే ఎక్కువసేపు నిద్రపోయి, పని ఉన్నప్పుడే మేలుకొనేవి.

పక్షిగూటి కబురు ఎవరు విన్నా నష్టం లేదు. కానీ కేరళలోని మున్నార్ వద్ద కొండచరియల ప్రమాదం ముందుగా పసిగట్టడానికి అమృత విశ్వవిద్యాపీఠం వారు ఇలాంటి సెన్సార్లనే వాడారు. అటువంటి చోట దొంగ కబురు వస్తే ఊరు ఊరంతా ఉత్తపుణ్యానికి ఖాళీ చేయాలి. అసలు కబురును ఎవరైనా మారిస్తే ప్రాణాలే పోతాయి. కనుక ప్రతి కబురుకూ తాళం, సీలు ఉండాలి.

తాళం వేయడానికీ కరెంటు ఖర్చవుతుంది. 2004లో బర్కిలీ వారే ప్రకటించిన టైనీసెక్ అనే సాఫ్ట్‌వేర్‌తో పూర్తి రక్షణ ఇస్తే, శక్తి ఖర్చు సుమారు 10 శాతం పెరిగింది. ఆ పనిని చిప్‌లోని సర్క్యూట్‌కే అప్పగిస్తే ఖర్చు తగ్గుతుంది. అయితే చిప్‌లో ఒకసారి పోతపోసిన తాళాన్ని మార్చలేం. తాళాలేమో పాతబడతాయి. అమెరికా 1977లో ప్రమాణంగా స్వీకరించిన డి.ఇ.ఎస్. పద్ధతిని 1998లో ఒక ప్రత్యేక యంత్రం 56 గంటల్లో ఛేదించింది. 2001లో ఏ.ఇ.ఎస్. వచ్చింది. చిన్న పరికరాల కోసం 2023లో ఆస్కాన్ ఎంపికైంది. కొండలో పాతిన సెన్సార్‌ను ఇన్నిసార్లు తవ్వి తీయగలమా?

దీనికి జవాబు, తయారైన తర్వాత కూడా లోపలి కనెక్షన్లు మార్చుకోగల చిప్. జైలింక్స్ సంస్థ 1985లో ఇటువంటిది తెచ్చింది. మేము ఎం.డి.ఎఫ్. మీద జంపర్ తీగ మార్చి నంబరును వేరే జతకు కలిపేవాళ్ళం కదా, అలాంటిదే ఇదీ. ఐతే ఈ జాతి చిప్‌లలో చాలావాటికి కరెంటు పోతే ఆ కనెక్షన్లు గుర్తుండవు. ఊరికే ఉన్నా కరెంటు తాగుతాయి. 2006లో ఆక్టెల్ సంస్థ తెచ్చిన ఇగ్లూ చిప్‌లు ఫ్లాష్ మెమరీతో వాటిని గుర్తుంచుకుంటూ, నిద్రలో మైక్రోవాట్ల ఖర్చుతోనే సరిపెట్టుకున్నాయి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. కనెక్షన్లు మార్చమనే ఆర్డరే దొంగదైతే, దొంగ తన తాళమే వేసిపోతాడు. అందుచేత ఆర్డరుకూ సీలుండాలి, చిప్ దాన్ని సరిచూడాలి. పై అధికారి సంతకం లేనిదే జంపర్ ముట్టని మన శాఖ వారికి ఇది కొత్త పాఠమేమీ కాదు.