జియా కాలంలో నవ్విన హీరోయిన్, తర్వాత ఎందుకు ఏడ్చింది?

పాకిస్తాన్ డ్రామా అనగానే ఏడ్చే కోడలే గుర్తొస్తుంది కదా? మొదట్నుంచీ అలా లేదు.

1977 నుంచి 1988 దాకా జియా ఉల్ హక్ పాలన. ప్రభుత్వ ఛానల్ పీటీవీలో కనిపించే ఆడవాళ్లు తల మీద దుపట్టా వేసుకోవాలని ఆదేశాలొచ్చాయి. మెహతాబ్ రష్దీ అనే యాంకర్ ఒప్పుకోలేదు, స్క్రీన్‌కే దూరమయ్యారు. సరిగ్గా ఆ రోజుల్లోనే హసీనా మొయిన్ అనే రచయిత్రి 1982లో 'అన్‌కహీ', 1987లో 'ధూప్ కినారే' రాశారు. 'ధూప్ కినారే' హీరోయిన్ డాక్టర్. అల్లరి చేస్తుంది, ఎదురు మాట్లాడుతుంది. 'తన్‌హాయియా'లో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న అక్కచెల్లెళ్లు, చెయ్యిజారిన ఇల్లు మళ్లీ కొనాలని పంతం పడతారు.

2002 తర్వాత ప్రైవేట్ ఛానళ్లు వచ్చాయి. స్వేచ్ఛ పెరిగింది. మరి హీరోయిన్‌కి? రేటింగుల పోటీలో అత్తాకోడళ్ల గొడవలు, కన్నీళ్లే ఎక్కువ అమ్ముడయ్యాయి. 2011లో మొదలైన 'హమ్‌సఫర్'లో ఖిరద్ మీద నింద వేసి ఇంట్లోంచి గెంటేస్తారు. పెద్ద హిట్!

అలాగని ప్రైవేట్ ఛానళ్లన్నీ చెడ్డవని నేననను. సవతి తండ్రి చేసే లైంగిక హింసను 2016లో ధైర్యంగా చూపించిన 'ఉడారీ' కూడా అక్కడే వచ్చింది.

నాకు అర్థమైంది ఒక్కటే. సెన్సార్ ఒక్కటే సంకెల కాదు, రేటింగ్ కూడా సంకెలే. 2025 దాకా ఆ డ్రామాలు యూట్యూబ్‌లో మన ఫోన్‌కే వచ్చేవి. అంటే ఆ రేటింగులో మన వ్యూ కూడా ఉండేది. ఆలోచించండి!