విపత్తుకు ముందున్న లెక్క: అత్యవసర సిబ్బంది ఆరోగ్యరక్షణ – చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

ఏటా ఏప్రిల్ 14న దేశంలోని అగ్నిమాపక కేంద్రాల్లో అమరులకు నివాళులర్పించి, 20వ తేదీ వరకు వారోత్సవాలు జరుపుతారు. ఈ తేదీకి మూలం 1944 నాటి బొంబాయి రేవు పేలుళ్లు. విక్టోరియా డాక్‌లో నిలిచివున్న ఫోర్ట్ స్టికీన్ అనే నౌకలో పత్తిబేళ్లతోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. మధ్యాహ్నం మొదలైన మంటను ఆర్పుతుండగానే, సాయంత్రం నాలుగు దాటాక అరగంట వ్యవధిలో రెండు పెనువిస్ఫోటాలు సంభవించాయి. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. యుద్ధకాలపు సెన్సారు కారణంగా మే రెండో వారం వరకు విలేకరులకు ఈ వార్తను బయటికి పంపే అనుమతి దొరకలేదు.

స్మారక ప్రసంగాల్లో 66 అనే సంఖ్య ప్రతి ఏడూ వినిపిస్తుంది. ఆ విస్ఫోటాల నుంచి బయటపడి, ఆ తరువాతా మంటలతో పోరాడినవారి శరీరాలూ మనసులూ ఏమయ్యాయన్న ప్రశ్నకు ఆ ప్రసంగాల్లో చోటు లేదు. మరణించినవారిని లెక్కించడం సులభం. మిగిలినవారికి కలిగిన నష్టాన్ని కొలవాలంటే ప్రమాదానికి ముందు వారి స్థితి ఎలా ఉండేదో తెలిసివుండాలి. అత్యవసర సిబ్బంది ఆరోగ్యరక్షణ చరిత్రలో నిర్ణాయకమైన అంశం ఈ ‘ముందు’ అనేదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. యుద్ధవైద్యపు వారసత్వం

ఆపదలో పనిచేసేవారి మనోవ్యథను వైద్యశాస్త్రం మొదట సైనికుల్లో గుర్తించింది. చార్లెస్ మైయర్స్ 1915లో ‘ది లాన్సెట్’ పత్రికలో ‘షెల్ షాక్’ అనే మాటను వైద్యచర్చలోకి తెచ్చాడు. 1917లో అమెరికన్ వైద్యుడు థామస్ సామన్ యూరప్‌లోని అనుభవాలను పరిశీలించి, బాధితుణ్ణి యుద్ధరంగానికి దగ్గరలోనే, ఆలస్యం లేకుండా, త్వరలో తిరిగి విధుల్లో చేరతాడన్న నమ్మకం కలిగిస్తూ చికిత్స చేయాలని సూచించాడు. ఈ సూచనలో దయ లేదని కాదు. అయితే దాని గమ్యం సైన్యపు సంఖ్యాబలమే. ‘తక్షణమే ఏదో ఒకటి చేయాలి’ అన్న ఈ తొందర తరువాతి కాలంలో పౌరసేవల్లోకీ ప్రవేశించింది.

తెలుగులో ఈ సేవల పేర్లలోనూ యుద్ధపు జాడలున్నాయి: ‘అగ్నిమాపక దళం’, ‘రక్షకభటుడు’. భటుడు భయపడడు, దళం వెనుదిరగదు. వీరందరినీ కలిపి చెప్పే మాట మాత్రం వాడుకలో స్థిరపడలేదు. జనం ‘ఫైరింజను వాళ్లు’, ‘108 వాళ్లు’ అని వాహనం పేరుతోనో ఫోన్ నంబరుతోనో పిలుస్తారు. ‘అత్యవసర సిబ్బంది’ అనే ఈ వ్యాసంలోని ప్రయోగం పత్రికల భాష నుంచి తీసుకున్నదే. పాలనలోనూ ఇదే విభజన ఉంది. అగ్నిమాపక సేవ రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాల అంశంగా కనిపిస్తుంది, ఆచరణలో ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వ శాఖల చేతిలో ఉంటుంది. అంబులెన్సు సేవను ఒప్పంద సంస్థలు నడుపుతాయి.

3. డీబ్రీఫింగ్: ఉత్థానపతనాలు

1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వర్గీకరణ గ్రంథం మూడో కూర్పులో ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ను రోగంగా గుర్తించింది. మూడేళ్లకు, 1983లో, గతంలో అగ్నిమాపక సిబ్బందిగా పనిచేసిన జెఫ్రీ మిచెల్ ఒక పద్ధతిని ప్రకటించాడు. ఘోరప్రమాదం జరిగిన 24 నుంచి 72 గంటల లోపల, పాల్గొన్న బృందాన్ని కూర్చోబెట్టి, ఏం జరిగింది, ఏమనుకున్నారు, ఏది దుర్భరంగా అనిపించింది అని వరుసగా మాట్లాడించాలి. అనంతరకాలంలో ఏడు దశలుగా స్థిరపడిన ఈ పద్ధతి ‘డీబ్రీఫింగ్’ పేరుతో అనేక దేశాలకు వ్యాపించింది. ఖర్చు తక్కువ, ఏర్పాటు తేలిక. సంస్థకు ‘మా సిబ్బందిని పట్టించుకున్నాం’ అని చెప్పుకొనే ఆధారమూ దొరికింది. దాని వ్యాప్తిలో ఈ చివరి కారణానికి చిన్న పాత్రేమీ లేదు.

మిచెల్ పద్ధతిని ప్రకటించిన ఏడాదే, ఫిబ్రవరి 16న, దక్షిణ ఆస్ట్రేలియా, విక్టోరియా రాష్ట్రాల్లో చెలరేగిన కార్చిచ్చులో 75 మంది మరణించారు. ఆ మంటలతో పోరాడిన 469 మంది అగ్నిమాపక సిబ్బందిని అలెగ్జాండర్ మెక్‌ఫార్లేన్ 4, 11, 29 నెలల వద్ద పరిశీలించాడు. మొదటి పరిశీలనలో బాగానే ఉన్న కొందరిలో లక్షణాలు తరువాత బయటపడ్డాయి. ప్రమాద తీవ్రత ఒక్కటే వారి స్థితిని వివరించలేదు. ప్రమాదానికి ముందున్న మానసిక స్థితీ చరిత్రా బలంగా ప్రభావం చూపాయి. మూడు రోజుల లోపల ముగిసే చికిత్సకు ఈ ఫలితాలు అనుకూలమైనవి కావు.

1997లో కార్డిఫ్‌లో జోనథన్ బిసన్ బృందం కాలిన గాయాల రోగులపై చేసిన పరీక్షలో, డీబ్రీఫింగ్ పొందినవారిలో 13 నెలల తరువాత 26 శాతం మందికీ, పొందనివారిలో 9 శాతం మందికీ ఈ రుగ్మత కనిపించింది. తప్పనిసరి డీబ్రీఫింగ్‌ను ఆపాలని కాక్రేన్ సమీక్ష చెప్పింది. 2005లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలూ ఒకే విడత డీబ్రీఫింగ్‌ను మామూలు పద్ధతిగా వాడవద్దన్నాయి. ఆ పరీక్షలు ఒక్కొక్క రోగిపై జరిగినవనీ, తమ పద్ధతి శిక్షణ పొందిన బృందాలకు ఉద్దేశించినదనీ మిచెల్ పక్షం వాదించింది. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. కానీ బృందాల విషయంలో ఆ పద్ధతి మేలు చేస్తుందని చూపవలసిన భారం దాన్ని ప్రచారం చేసినవారిదే.

4. అబర్డీన్, న్యూయార్క్

1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక దగ్ధమై 167 మంది మరణించారు. కొన్ని నెలలకు సిబ్బంది నివాసభాగాన్ని సముద్రం నుంచి పైకి తీశారు. అందులోని మృతదేహాలను వెలికితీసి గుర్తించే పని పోలీసులపై పడింది. అబర్డీన్ మనోవైద్యుడు డేవిడ్ అలెగ్జాండర్ వారిని పరిశీలించాడు. విపత్తుకు ముందే వేరొక అధ్యయనంలో భాగంగా సేకరించిన వారి మానసిక స్థితి వివరాలు ఆయన వద్ద ఉండటం ఇక్కడ విశేషం. 1991లో వెలువడిన ఆ అధ్యయనంలో ఆశించినంత హాని కనిపించలేదు. మూడేళ్ల తరువాతి పరిశీలనలోనూ పరిస్థితి మారలేదు. పనిని పద్ధతిగా ఏర్పాటు చేయడం, బాధ్యతలను స్పష్టపరచడం, తోటివారి ఆసరా ఇందుకు తోడ్పడ్డాయని పరిశోధకులు భావించారు. ఈ వివరణలో చికిత్స కన్నా నిర్వహణకే పెద్దపీట దక్కింది. మనోవైద్యుల నుంచి ఈ నిర్ధారణ రావడం గమనార్హం.

న్యూయార్క్ ఉదాహరణ శరీరానికి సంబంధించినది. 2001 సెప్టెంబరు 11న ఆ నగర అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయింది. ధూళిలో నెలల తరబడి పనిచేసినవారికి దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. ఉద్యోగుల ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని అంతకుముందు నుంచే ఆ శాఖ క్రమంగా నమోదు చేస్తున్నది. అందువల్లనే 2010లో, 12,781 మంది వివరాలతో, తొలి ఏడాదిలో పడిపోయిన శ్వాససామర్థ్యం తరువాతి ఆరేళ్లకు పైగా పెద్దగా కోలుకోలేదని నిరూపించగలిగారు. పాత లెక్క లేకపోతే అది పొగతాగే అలవాటుగానో వయసు ప్రభావంగానో కొట్టివేయబడేది. 2011 జనవరి 2న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన జడ్రోగా చట్టం ఈ బాధితులకు వైద్యాన్ని హక్కుగా మార్చింది. దాని జాబితాలో మానసిక రుగ్మతలూ ఉన్నాయి.

5. తెలుగునేలపై 108

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ తరువాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. 2009 డిసెంబరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మానసిక, సామాజిక సహాయంపై మార్గదర్శకాలు వెలువరించింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ పౌరుడైనా ఫోన్ చేయవచ్చు. ఇవి అవసరమైనవే. కానీ ‘విపత్తు’, ‘ఘటన’ అనే ప్రమాణాలు 108 వాహనంలోని టెక్నీషియన్‌కూ, ‘పైలట్’ అని పిలిచే డ్రైవరుకూ సరిగా వర్తించవు. మిచెల్ చెప్పిన 72 గంటలు గడిచేలోగా వారు మరెన్నో ప్రమాదాలకు వెళ్లివస్తారు. ఏ ఘటన గురించి మాట్లాడించాలి?

పన్నెండు గంటల విధులను ఎనిమిదికి తగ్గించాలన్నది ఈ ఉద్యోగుల సంఘాలు పలుమార్లు ముందుకు తెచ్చిన కోరిక. దీన్ని జీతభత్యాల తగవుగా చూడటం పరిపాటి. అబర్డీన్ అనుభవాన్ని బట్టి చూస్తే ఇది ఆరోగ్యానికి సంబంధించిన కోరిక. పని గంటలు, జంటగా పంపే తీరు, రెండు పిలుపుల నడుమ విరామం అన్నీ అలెగ్జాండర్ ‘నిర్వహణ’ అన్న పరిధిలోకే వస్తాయి. ఒప్పంద సంస్థ మారినప్పుడల్లా ఉద్యోగి సర్వీసు వివరాలతోపాటు అతని ఆరోగ్యపు లెక్క కూడా కొత్త సంస్థకు చేరాలి. ఉద్యోగంలో చేరిననాటి శ్వాసపరీక్ష, నిద్ర, నడుము, మనసు గురించిన నమోదు లేకుండా పదేళ్ల తరువాత అతనికి వచ్చిన జబ్బు ఉద్యోగం వల్ల వచ్చిందని అతడు ఏ కార్యాలయంలోనూ నిరూపించుకోలేడు.