పిల్లల ఒంటిమీద ఎర్ర బుడిపె: స్పిట్జ్ పుట్టుమచ్చ కథ

చిన్నపిల్లల చెంపమీదో కాలిమీదో నున్నగా, ఎర్రగా ఒక బుడిపె లేస్తుంది. కొద్ది నెలల్లోనే పెరుగుతుంది. కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే పెద్ద పెద్ద కణాలు, వాటిలో కొన్ని విభజన చెందుతూ కనిపిస్తాయి. చూడ్డానికి మెలనోమాయే. గత శతాబ్దం మొదటి సగంలో చాలామంది పాథాలజిస్టులు రాసిందీ అదే: చర్మ క్యాన్సర్. ఆ మాట విన్న తల్లిదండ్రుల గుండె ఏమై ఉంటుందో!

కానీ ఆ పిల్లల్లో ఎక్కువమంది బతికి బాగానే ఉండేవారు. న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి పాథాలజిస్ట్ సోఫీ స్పిట్జ్ దీనిమీద దృష్టి పెట్టారు. 1948లో ఆమె 13 మంది పిల్లల కేసులు ప్రచురించారు. చనిపోయింది ఒక్కరే. పెద్దల ప్రాణం తీసే జబ్బు పిల్లల్ని ఎందుకు వదిలేస్తోంది? ఆమె చెప్పిన జవాబుకన్నా ఈ ప్రశ్నే గొప్పదంటాను. ఎందుకంటే ఆమె కూడా దాన్ని బాల్యపు మెలనోమా అనే పిలిచారు. అది హాని చేయని పుట్టుమచ్చేనని వైద్యలోకం ఒప్పుకునేసరికి ఏళ్లు గడిచాయి. స్పిట్జ్ 1956లో కన్నుమూశారు. ఆ మచ్చకు ఆమె పేరే నిలిచింది.

తర్వాత దీన్ని మెలనోమా నుంచి వేరుచేసే గుర్తులు ఒక్కొక్కటే కుదిరాయి. మచ్చ రెండువైపులా ఒకేలా ఉందా, అంచు తేటగా ఉందా, లోతుకు పోయేకొద్దీ కణాలు చిన్నవవుతున్నాయా, అడుగున విభజనలు ఆగాయా అని చూస్తారు. అయినా కొన్ని మచ్చల దగ్గర అనుభవజ్ఞులకూ ఏకాభిప్రాయం కుదరదు. అలాంటి మచ్చల కణాలు లింఫు గ్రంథికి చేరినా చాలామంది పిల్లలు క్షేమంగానే ఉన్నారు. గ్రంథికి పాకితే క్యాన్సరేనన్న పాత సూత్రం ఇక్కడ చెల్లలేదు.

జన్యువులు కొంత వెలుగిచ్చాయి. 2000లో కొన్ని స్పిట్జ్ మచ్చల్లో హెచ్‌రాస్ జన్యుమార్పు బయటపడింది. 2014లో ఆల్క్, ఎన్‌ట్రక్1 వంటి జన్యువులు వేరే జన్యువులతో అతుక్కుపోవడం కనిపించింది. పెద్దల మెలనోమాలో తరచూ కనిపించే మార్పులు వేరు. అయితే ఈ పరీక్షలు కూడా ఒంటరిగా తీర్పు చెప్పలేవు. బిడ్డ వయసు, మచ్చ తీరు, సూక్ష్మదర్శిని చిత్రం కలిపి చూడాల్సిందే.

అందుకే తల్లిదండ్రులకు నా మనవి. పెరుగుతున్న, రక్తం కారుతున్న బుడిపెకు ఇంట్లో కాల్చడాలు, పసర్లు వద్దు. డాక్టరు కోసి తీస్తే ఆ ముక్కను తప్పకుండా పాథాలజీ పరీక్షకు పంపమనండి. రిపోర్టులో అనుమానం కనిపిస్తే స్లైడ్లు, ఆ ముక్కను మైనంలో పొదిగిన బ్లాకు అడిగి తీసుకుని, పిల్లల చర్మ కణితుల్లో అనుభవమున్న మరో పాథాలజిస్టుకు చూపించండి.